నల్లరాయి, నీరు, వెలుగు

సాహిత్య విమర్శకు అలవాటుపడిన పాఠకులు, యీ పుటలలో మాంగనీసు ఆక్సైడుకు యేం పని అని అడగవచ్చు. అడగడం న్యాయమే. రసాయనశాస్త్రం నేను పట్టా పుచ్చుకున్న విద్య కాదు. కళాశాలలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. కాని చరిత్రంటే రాజుల వంశావళి మాత్రమే కాదని విద్యార్థులకు యేటేటా చెబుతూ, వొక పదార్థానికి కూడా చరిత్ర వుంటుందన్న సంగతి మరచిపోవడం సబబు కాదు గదా! యెండ సాయంతో నీటినుంచి ఆమ్లజనిని విడదీయగల నల్లని మట్టి వొకటి వుంది. ఆ మట్టి కథలో చలువచేసిన బట్ట వుంది, ఉక్కు వుంది, మన విజయనగరం వైపు గనులు వున్నాయి, అనుమానానికి గురై కొలువు పోగొట్టుకున్న శాస్త్రజ్ఞుడు వున్నాడు. యిన్ని వున్న కథను రసాయనశాస్త్రం చదివినవాళ్ళకే వదిలేయడం నాకు యిష్టం లేకపోయింది.

ముందు చిక్కు యెక్కడుందో చూద్దాం. నీటిలో ఉదజని, ఆమ్లజని కలిసి వున్నాయి. వాటిని విడదీస్తే ఉదజని ఇంధనమవుతుంది. అది మండితే మళ్ళీ నీరే మిగులుతుంది, పొగ వుండదు, బొగ్గుపులుసు వాయువు వుండదు. వినడానికి సులువు. కాని వొక ఆమ్లజని అణువు పుట్టాలంటే రెండు నీటి అణువులనుంచి నాలుగు ఎలక్ట్రానులు, నాలుగు ప్రోటానులు వూడి రావాలి. ఆపైన విడివిడిగా వున్న రెండు ఆమ్లజని పరమాణువులు జతకట్టాలి. వెలుగు చేసే పని మాత్రం చిల్లర బేరం: వొక కాంతికణం వొక్క ఎలక్ట్రానునే లాగగలదు. నాలుగు విడతలుగా వచ్చే ఆ బలాన్ని కూడబెట్టి, వొక్కసారిగా ఖర్చుపెట్టే మధ్యవర్తి కావాలి. మధ్యలో యే విడతలోనూ నీరు సగం చెడి, పక్కనున్నవాటిని కాల్చిపారేసే ద్రవ్యాలుగా మారకుండా చూడాలి. అటువంటి మధ్యవర్తినే ఉత్ప్రేరకం అంటాం. మాంగనీసుకు యీ పని చేతనవును. అది సమ్మేళనాలలో రెండు ఎలక్ట్రానులు పోగొట్టుకున్న స్థితినుంచి యేడు పోగొట్టుకున్న స్థితిదాకా మెట్టు మెట్టుగా యెక్కగలదు, దిగగలదు. యీ మెట్లను గుర్తుంచుకుంటే మిగతా కథ సులువుగానే అర్థమవుతుంది.

మాంగనీసుకూ ఆమ్లజనికీ వున్న బంధుత్వం రసాయనశాస్త్రమంత పాతది. స్వీడన్ దేశంలో మందుల దుకాణంలో పనిచేసిన కార్ల్ షేలే 1771–72 ప్రాంతంలో ఆమ్లజనిని తయారుచేసిన మార్గాలలో వొకటి, నల్లని మాంగనీసు రాయిని గంధకికామ్లంతో కలిపి కాచడం. ఆయన పుస్తకం అచ్చయ్యేసరికి 1777 వచ్చింది. యీలోపల 1774లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ పాదరసపు భస్మంనుంచి అదే వాయువును రాబట్టి ముందు ప్రకటించాడు. అదే 1774లో షేలే నల్లరాయిపై ఉప్పు ఆమ్లం పోసి, వుక్కిరిబిక్కిరి చేసే పసుపుపచ్చని వాయువును చూశాడు. మనం క్లోరిన్ అంటున్నది దాన్నే. ఆ యేడే ఆయన స్నేహితుడు గాన్ నల్లరాయినుంచి లోహాన్ని వేరుచేశాడు.

యిక్కడ నల్లరాయి ప్రయోగశాల గడప దాటింది. క్లోరిన్‌కు రంగును తినివేసే గుణం వుందని గ్రహించి, 1785 ప్రాంతంలో ఫ్రాన్సులో బెర్తొలే దాన్ని బట్టల చలువకు వాడవచ్చునని చూపాడు. 1799లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ టెనెంట్ క్లోరిన్‌ను పొడిసున్నంలో యెక్కించి చలువపొడి తయారుచేసే హక్కు పొందాడు. అంతకుముందు యూరపులో బట్ట తెల్లబడాలంటే వారాలు, నెలలు పచ్చికబయళ్ళలో యెండకు పరచి వుంచేవారు. మన చాకిరేవుల్లో జరిగిన పనీ అదే గదా: నీరు, యెండ, గాలి. ఆ యెండ చేసే పనిని మాంగనీసు రాయి గదిలోకి, గంటల్లోకి తెచ్చింది. మిల్లులు వేగంగా నేసిన గుడ్డను అంతే వేగంగా తెల్లబరచకపోతే లాంకషైరు వ్యాపారం సాగేది కాదు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరుతో మడపొల్లమని యూరపులో పిలిచిన గుడ్డను, అదే పేరుతో ఇంగ్లండు మిల్లులు నేసి అమ్మే రోజు వచ్చింది. ఆ తెల్లదనం వెనుక నల్లరాయి వున్నదని మన నేతగాళ్ళకు తెలిసే అవకాశం లేదు.

రాయి నూరిన కూలీలకు మాత్రం తెలిసింది. చలువపొడి కర్మాగారంలో మాంగనీసు రాయిని పొడిచేసే పనివాళ్ళలో కాళ్ళ పట్టు తప్పడం, నడిస్తే ముందుకు తూలిపోవడం, మాట తడబడడం, ముఖంలో కదలిక పోవడం గమనించి 1837లో గ్లాస్గో వైద్యుడు జాన్ కూపర్ ప్రకటించాడు. మాంగనీసు ధూళి మెదడును దెబ్బతీస్తుందన్న విషయానికి అదే మొదటి వైద్య సాక్ష్యం. యీ లోహాన్ని నిరపాయకరమైనదిగా వర్ణించే నేటి రచనలు నేను కొన్ని చదివాను. ఆకులో వున్నప్పుడు అది నిజమే; పీల్చే గాలిలో వున్నప్పుడు కాదు.

చలువపొడి పరిశ్రమలో వొక విచిత్రం జరిగింది. క్లోరిన్ తీసిన తర్వాత మిగిలిన మాంగనీసు ద్రావణాన్ని మొదట్లో పారబోసేవారు. రాయి ఖరీదు కనక, 1860 దశాబ్దం చివర వాల్టర్ వెల్డన్ దానిలో సున్నం కలిపి, గాలి వూది, మళ్ళీ వాడుకోదగిన నల్లని బురదగా మార్చాడు. వెల్డన్ బురద అని దానికి పేరు. రసాయనపరంగా అది మాంగనీసు, కాల్షియం, ఆమ్లజని కలిసిన పదార్థం. యీ మూడింటి పొత్తునే మొక్క తన ఆకులో వాడుకుంటున్నదని అప్పటికి యెవరూ యెరగరు. నూటనలభై యేళ్ళ తర్వాత రసాయనశాస్త్రజ్ఞులు మళ్ళీ సున్నం, మాంగనీసు కలిపి నల్లమట్టి చేయవలసి వచ్చింది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

పందొమ్మిదో శతాబ్ది చివర క్లోరిన్‌ను విద్యుత్తుతో తీయడం మొదలై, మాంగనీసు చలువపని వదిలింది. అప్పటికే ఉక్కు దాన్ని పట్టుకుంది. మాంగనీసు లేనిదే బెసెమెర్ పద్ధతి ఉక్కు పెళుసుబారుతుంది. విజయనగరం మైనింగు కంపెనీ 1892లో కోడూరు దగ్గర తవ్వకం ప్రారంభించడానికి కారణం అదే. భారతదేశంలో మాంగనీసు గనుల చరిత్ర అక్కడ మొదలయింది. అప్పటి విశాఖపట్నం జిల్లాలోని ఆ చీపురుపల్లి, గరివిడి ప్రాంతం 1979లో విజయనగరం జిల్లాలో చేరింది. యిరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దంలో యీ దేశపు ఖనిజం రష్యా సామ్రాజ్యంలోని చియాతూరా గనులతో పోటీపడేటంతగా పెరిగింది. భూగర్భశాస్త్రజ్ఞుడు లూయీ ఫెర్మర్ 1909లో భారత మాంగనీసు నిక్షేపాలపై ప్రకటించిన పెద్ద గ్రంథంలో, మన కోడూరు పేరుమీదనే వొక శిలజాతికి కోడూరైటు అని పేరుపెట్టాడు. రాయికి వూరి పేరు దక్కింది. తవ్విన చేతుల పేర్లు యే గ్రంథంలోనూ లేవు. 1933లో విశాఖ రేవు తెరిచినప్పుడు కూడా మధ్యపరగణాల మాంగనీసును ఓడకెక్కించడం దాని ముఖ్య ప్రయోజనాలలో వొకటి. ఆ నల్లరాయి ఉక్కు కొలుముల్లో కాక వెలుగులో కూడా పనిచేయగలదన్న ఆలోచన అప్పటి యెగుమతిదార్లకు వచ్చి వుండదు.

యిక ఆకు వైపు చూద్దాం. కొవ్వొత్తి మండి చెడిపోయిన గాలిని పుదీనా కొమ్మ బాగుచేస్తుందని ప్రీస్ట్‌లీ 1771లో చూశాడు. (ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించినందుకు 1791లో బర్మింగ్‌హామ్ మూక ఆయన యింటిని తగలబెట్టింది, మూడేళ్ళకు అమెరికాకు వలసపోయాడు.) ఆ పని యెండలోనే, పచ్చని భాగాలే చేస్తాయని 1779లో ఇంగెన్‌హౌజ్ రుజువు చేశాడు. అయితే ఆకు విడిచే ఆమ్లజని యెక్కడినుంచి వస్తుంది? బొగ్గుపులుసు వాయువు చీలితే వస్తుందనే నమ్మకం నూరేళ్ళకు పైగా నిలిచింది. ఆకు ఆ వాయువును తీసుకుని ఆమ్లజనిని వదులుతుంది గనక, తీసుకున్నదే చీలిందనుకోవడం సహజం. సహజంగా తోచింది గనకనే యెవరూ ప్రశ్నించలేదు.

ప్రశ్న వేసినవాడు వాన్ నీల్. గంధకం మీద బ్రతికే వూదారంగు సూక్ష్మజీవులు వెలుగులో పెరిగేటప్పుడు ఆమ్లజనికి బదులు గంధకాన్ని విడుస్తాయి. అవి తాగేది గంధకపు ఉదజనిదం. అది చీలి గంధకం మిగులుతున్నదంటే, ఆకులో చీలేది నీరే కావాలి అని ఆయన 1930 ప్రాంతంలో తర్కించాడు. 1937లో కేంబ్రిడ్జిలో రాబర్ట్ హిల్ ఆకునుంచి హరితరేణువులను విడదీసి, వాటికి ఇనుప లవణం అందించి వెలుగు చూపితే బొగ్గుపులుసు వాయువుతో పని లేకుండానే ఆమ్లజని వస్తుందని చూపాడు. వచ్చిన ఆమ్లజనిని పట్టుకోడానికి ఆయన వాడింది నెత్తుటిలోని హిమోగ్లోబిను! ఆమ్లజని తగిలితే దాని రంగు మారుతుంది గదా. ఆ మార్పును వర్ణపటదర్శినితో కొలిచాడు. 1941లో కాలిఫోర్నియాలో రూబెన్, కామెన్, వారి తోటివారు బరువైన ఆమ్లజని కలిపిన నీటిని నాచుకు తాగించి, బయటికి వచ్చిన వాయువులో ఆ బరువును చూశారు. అదే యేడు సోవియట్ యూనియనులో వినొగ్రాదొవ్, తేయిస్ వేరే దారిన అదే నిర్ణయానికి వచ్చారు. యుద్ధం ముంచుకొచ్చిన రోజుల్లో, వొకరికొకరు తెలియకుండా రెండు దేశాలలో వొకే జవాబు దొరికింది.

ఆ కాలిఫోర్నియా జంటకు జరిగినది చెప్పకుండా ముందుకు సాగలేను. రూబెన్ 1943లో, యింకా ముప్పై నిండకుండానే, యుద్ధ పరిశోధనలో విషవాయువు తగిలి మరణించాడు. అతనితో కలిసి 1940లో కర్బనం–14ను కనిపెట్టిన కామెన్‌ను, సోవియట్ దౌత్య ఉద్యోగులతో కలిసి భోజనం చేశాడన్న అనుమానంతో 1944లో పరిశోధనాలయం నుంచి తొలగించారు. 1948లో అమెరికా చట్టసభ విచారణసంఘం ముందు నిలబెట్టారు. యేళ్ళ తరబడి విదేశ ప్రయాణానికి అనుమతి పత్రం నిరాకరించారు. గూఢచారి అని రాసిన పత్రికమీద దావావేసి 1955లో నెగ్గాడు. నీటినుంచి ప్రాణవాయువు వస్తుందని రుజువుచేసినవాళ్ళలో వొకడికి పది పన్నెండేళ్ళు వూపిరాడలేదని యిప్పటి పాఠ్యపుస్తకాలలో కనిపించదు.

మాంగనీసు ప్రవేశం యీ నాటకంలో కొంచెం ఆలస్యంగా జరిగింది. మాంగనీసు అందని నాచులో కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుందని 1937లో జర్మనీలో పిర్సన్ చూపాడు. ఆ లోటు దెబ్బతీసేది సరిగ్గా ఆమ్లజని పుట్టించే అంగాన్నేనని 1950లలో కెస్లర్ నిర్ణయించాడు: ఆమ్లజని విడవకుండా ఉదజనితో గడుపుకోగల నాచుకు అదే పరిస్థితిలో మాంగనీసు కొరత పెద్దగా తగల్లేదు. కాని మాంగనీసు అక్కడ చేసే పనేమిటి?

జవాబుకు దారి చూపినది పారిస్. పియేర్ జోలియో అంటే మన పాఠకులకు పరిచయమైన యింటిపేరే. శాంతి ఉద్యమ నాయకుడు, కమ్యూనిస్టు, ఆ కారణంగా 1950లో ఫ్రెంచి అణుశక్తి సంఘం అధ్యక్షత కోల్పోయిన ఫ్రెడెరిక్ జోలియో–క్యూరీ కుమారుడు. మేరీ క్యూరీకి మనుమడు. 1969లో ఆయన, సహచరులు చీకట్లో వుంచిన హరితరేణువులపై క్షణికమైన మెరుపులు వొకటి తర్వాత వొకటి వేసి, వొక్కొక్క మెరుపుకు యెంత ఆమ్లజని వచ్చిందో కొలిచారు. మొదటి మెరుపుకు యేమీ రాలేదు. రెండోదానికి దాదాపు లేదు. మూడోదానికి వుప్పెనలా వచ్చింది. ఆ తర్వాత ప్రతి నాలుగో మెరుపుకు మళ్ళీ మళ్ళీ యెక్కువ: యేడు, పదకొండు. పోనుపోను ఆ తేడా సన్నగిలింది. మరుసటి యేడు బెసెల్ కోక్, సహచరులు దీనికి అర్థం చెప్పారు. ఆకులోని యంత్రం అయిదు దశల చక్రం. ప్రతి మెరుపుకు వొక మెట్టు యెక్కుతుంది. నాలుగు మెట్లు యెక్కగానే ఆమ్లజనిని విడిచి కిందికి దిగుతుంది. చీకట్లో వున్నప్పుడు అది అడుగున కాక మొదటి మెట్టుమీద విశ్రాంతి తీసుకుంటుంది గనక, మూడో మెరుపుకే పని పూర్తవుతుంది. లెక్కలో యింత అందం యెక్కడో గాని కనబడదు. కోక్ పనిచేసింది విమానాలూ క్షిపణులూ తయారుచేసే కంపెనీ బాల్టిమోరులో పోషించిన పరిశోధనాలయంలో అన్నది కూడా గుర్తు పెట్టుకోదగిందే. అక్కడే చెనియే, మార్టిన్ 1970 నాటికి వొక్కొక్క యంత్రానికి సుమారు నాలుగు మాంగనీసు పరమాణువులు వుంటాయని లెక్కగట్టారు.

నాలుగు ఎలక్ట్రానులు, నాలుగు మెట్లు, నాలుగు మాంగనీసులు! సంఖ్య కుదిరింది గనక రహస్యం తీరిందనుకున్నవాళ్ళు తొందరపడ్డారు. ఆ నాలుగూ యెలా అమరి వున్నాయో తెలియడానికి నలభై యేళ్ళు పట్టింది. 2001లో బెర్లిన్, 2004లో లండన్ బృందాలు మసకగా చూపిన స్ఫటిక చిత్రాన్ని 2011లో జపానులో షెన్, కమియా బృందం తేటపరచింది. వంకర కుర్చీలాంటి ఆకారంలో నాలుగు మాంగనీసులు, వొక కాల్షియం, వాటిని కలుపుతూ అయిదు ఆమ్లజనులు. వెల్డన్ బురదలోని ముగ్గురు భాగస్వాములూ అక్కడ వున్నారు. బురదకూ యీ కుర్చీకీ నిర్మాణం వొకటేనని నేను అనడం లేదు. పొత్తు మాత్రం వొకటే.

ఆకును మనిషి అనుకరించడం మరో పాయ. దానికి ఆదిలో నిలిచేవాడు ఇటలీలోని బొలోన్యా ఆచార్యుడు జియాకొమో చామీచాన్. 1912లో న్యూయార్కులో చేసిన ప్రసంగంలో, బొగ్గు తరగిపోయేదని, మనుషులు సూర్యుడిమీద ఆధారపడే కాలం రావాలని, యెడారుల్లో గాజు గొట్టాలు అడవుల్లా నిలబెట్టి అందులో వెలుగుతో రసాయన క్రియలు నడపవచ్చునని ఆయన చెప్పాడు. బొగ్గు లేని వేడిదేశాలకు అప్పుడు సంపద వస్తుందని కూడా సూచించాడు. రెండేళ్ళకు ఐరోపా యుద్ధంలో దిగింది. ఆ ప్రసంగం మూలపడింది.

నీటిని ఆమ్లజనిగా మార్చే పనికి మాంగనీసు ఆక్సైడు ఉత్ప్రేరకమవుతుందని మొదట ప్రకటించినవాళ్ళలో సోవియట్ శాస్త్రజ్ఞులు గ్లీక్మన్, షెగ్లోవా వున్నారు. 1968లో వాళ్ళు వెలుగుకు బదులు సిరియం లవణంతో ఎలక్ట్రానులు లాగించారు. 1972లో జపానులో ఫుజిషిమా, హోండా టైటానియం ఆక్సైడు పలకమీద అతినీలలోహిత కాంతి వేసి నీటిని చీల్చారు. మరుసటి యేడు చమురు ధర మండింది. ప్రభుత్వాలకు సూర్యుడు వున్నట్టుండి గుర్తొచ్చాడు. డబ్బు వచ్చింది, 1980లలో చమురు చవకవగానే చాలా చోట్ల తగ్గింది. యీ రంగంలో పరిశోధన వొకసారి పరుగెత్తి వొకసారి కూలబడడానికి కారణం శాస్త్రజ్ఞుల బద్ధకం కాదు.

వెలుగుతో నడిచే పరీక్షకు వొక మచ్చు క్రమంగా స్థిరపడింది. రుథేనియం లోహంతో చేసిన నారింజరంగు అద్దకం వెలుగును మింగుతుంది. తన ఎలక్ట్రానును పక్కనున్న పెర్‌సల్ఫేటు లవణానికి యిచ్చేస్తుంది. తన లోటును ఉత్ప్రేరకంనుంచి లాక్కుని తీర్చుకుంటుంది. ఉత్ప్రేరకం నీటినుంచి లాక్కుంటుంది. 1988లో హారిమన్ బృందం యీ పద్ధతిలో అనేక లోహాల ఆక్సైడులను వరసపెట్టి పరీక్షించింది. ఇరీడియం, రుథేనియం వంటి అరుదైన లోహాల సరసన చవక లోహాలలో కోబాల్టు ఆక్సైడు, మాంగనీసు ఆక్సైడులలో వొక్కటి నిలిచాయి. ఆ వొక్కటి రెండు మాంగనీసులకు మూడు ఆమ్లజనులున్నది. బ్యాటరీలలో విరివిగా వాడే మామూలు నల్లని డయాక్సైడు వెనకబడింది. 2010లో కాలిఫోర్నియాలో జియావో, ఫ్రై మాంగనీసు ఆక్సైడును సిలికా సందుల్లో అతి చిన్న గుంపులుగా నింపి వేగం పెంచారు. అదే 2010లో ఇరాన్‌కు చెందిన నజఫ్‌పూర్, జర్మన్ సహచరులతో కలిసి కాల్షియం, మాంగనీసు కలిసిన ఆక్సైడులు వొట్టి మాంగనీసు ఆక్సైడుకన్న మెరుగని చూపాడు. వెల్డన్ బురద దాపుకే తిరిగి చేరామన్నమాట.

యిక్కడ విమర్శకుడిగా వొక మాట అడగవలసి వుంది. ఆ లాగిన ఎలక్ట్రానులు యెక్కడికి పోయాయి? పెర్‌సల్ఫేటుకు. అది ఎలక్ట్రానులను మింగి సల్ఫేటుగా మారి వూరుకుంటుంది. ఉదజని పుట్టదు, ఇంధనం పుట్టదు. వొక లవణాన్ని తగలేసి ఆమ్లజని తీశామన్నమాట. ఉత్ప్రేరకపు వొక పక్కను పరీక్షించడానికి యీ పద్ధతి మంచిదే. కాని యిటువంటి ప్రయోగాలను నీటిని చీల్చి ఇంధనం చేసినట్టుగా వార్తల్లో రాయడం పాఠకుణ్ణి మోసగించడం. మరొకటి: ఉత్ప్రేరకం చవకదని చాటే ప్రయోగంలోనే అద్దకం రుథేనియంది. తలుపు వెదురుది, తాళం బంగారంది! వేగాన్ని లెక్కగట్టడంలోనూ జాగ్రత్త కావాలి. వొక్కొక్క గుంపు సెకనుకు యిన్ని అణువులు యిస్తుందని రాస్తే అంకె ఘనంగా కనిపిస్తుంది. ఆ గుంపులో వేల పరమాణువులు వుంటాయి. పరమాణువు లెక్కన చూస్తే యీ మచ్చులో చాలా మాంగనీసు ఆక్సైడులు సెకనుకు వొక అణువులో వెయ్యోవంతుకు అటూ యిటూ వున్నాయి. ఆకులోని నాలుగు మాంగనీసుల కుర్చీ సెకనుకు నూరు, అంతకు మించి కూడా యివ్వగలదు. మనిషికీ ఆకుకూ నడుమ దూరం యింకా యింత వుంది.

2011లో ఆస్ట్రేలియాలో హాకింగ్, స్పిచ్చా బృందం ప్రకటించిన పరిశోధన నా దృష్టిలో యీ చరిత్రలో అన్నిటికన్న ఆలోచించదగింది. ఆకు కుర్చీకి దగ్గరగా వుండేటట్టు నాలుగు మాంగనీసులతో అందంగా కూర్చిన అణువు వొకటి వుంది. దాన్ని పొరలో పొదిగి విద్యుత్తు, వెలుగు యిస్తే నీటినుంచి ఆమ్లజని వచ్చింది. అణువు గెలిచిందనుకున్నారు. ఎక్స్‌కిరణాలతో లోపలికి చూస్తే ఆ అణువు అక్కడ లేదు. అది విచ్ఛిన్నమై, మాంగనీసు కరిగి, మళ్ళీ ఆక్సీకరణం చెంది, పొరలు పొరలుగా వుండే గోధుమరంగు ఖనిజంగా పేరుకుంది. బర్నెసైటు అని దాని పేరు. రాళ్ళమీద, నేలలో, చెరువు అడుగున మామూలుగా దొరికేదే. పనిచేస్తున్నది ఆ మట్టి. వెలుగులో అది కరిగి, విద్యుత్తుతో మళ్ళీ పేరుకుని, ప్రకృతిలోని మాంగనీసు చక్రాన్నే ఆ పొరలో తిప్పుతున్నది. కూర్చినవాళ్ళలో వున్న శాస్త్రజ్ఞులే తమ అణువు కరిగిపోయిందని పత్రికకెక్కించారు. యీ నిజాయితీకి నమస్కరించాలి. కవి తన ఛందస్సు బాగుందని మురిసిపోతూ వుంటే, పాట నిలిచింది జానపదుల నోట అరిగిన బాణీ వల్లనని తేలితే, దాన్ని వొప్పుకునే కవులు మనలో యెందరున్నారు?

అయితే మట్టి అంతా వొకటేనా? కాదు. బెంగుళూరులో సి.యన్.ఆర్. రావు బృందం 2013లో ప్రకటించిన పరిశోధన ప్రకారం అసలు ముడి మూడో మెట్టుమీద, అంటే మూడు ఎలక్ట్రానులు పోగొట్టుకున్న స్థితిలో వున్న మాంగనీసులో వుంది. ఆ స్థితిలో దాని చుట్టూ వున్న ఆమ్లజని బంధాలు సమంగా వుండవు. కొన్ని సాగి, కొన్ని కురచై వుంటాయి. సాగిన బంధం సడలుతుంది, నీటికి చోటిస్తుంది. హారిమన్ పరీక్షలో ఆ వొక్క ఆక్సైడు యెందుకు నెగ్గిందో దీంతో తెలుస్తుంది. కాని ఆ సడలుదనమే దాని బలహీనత కూడా. ఆమ్ల గుణం వున్న నీటిలోనూ, మామూలు నీటిలోనూ మూడో మెట్టు మాంగనీసులు రెండు కలుసుకుంటే, వొకటి రెండో మెట్టుకు దిగి కరిగిపోతుంది, వొకటి నాలుగో మెట్టెక్కి గట్టిపడుతుంది. యీ ఆత్మక్షయాన్ని జపానులో నకమురా బృందం 2012లో వివరించింది. ఆకు యీ చిక్కును వేరే విధంగా దాటుకుంటుంది: ప్రోటీను పొరలు మాంగనీసులను దూరదూరంగా, కదలకుండా పట్టివుంచుతాయి, అయినా మండుటెండలో ఆ యంత్రపు ముఖ్య ప్రోటీను చెడిపోతూనే వుంటుంది, అరగంట వ్యవధిలోనే దాన్ని తీసి కొత్తది వేస్తుంటుంది. మనం చేసే పొరకు ఆ మరమ్మతు తెలియదు.

ఆకు యీ పొత్తును యెక్కడ నేర్చింది? తొలి సముద్రంలో వెలుగు తగిలి పేరుకున్న మాంగనీసు ఆక్సైడు తునకను యేదో సూక్ష్మజీవి తనలో కలుపుకుని వుంటుందని 2002లో సావర్, యాచంద్ర సూచించారు. దక్షిణాఫ్రికాలోని సుమారు రెండువందల నలభై కోట్ల యేళ్ళనాటి శిలలలో, గాలిలో ఆమ్లజని చేరకముందే మాంగనీసు ఆక్సీకరణం చెందిన జాడలు కనిపించాయని 2013లో జాన్సన్, ఫిషర్ బృందం వాదించింది. అంటే మొదట వెలుగుతో మాంగనీసునే తిన్న జీవి, తర్వాత నీటిని తినడం నేర్చిందన్నమాట. వాదం యింకా సాగుతూనే వుంది. సరిపడని శిలలు చూపేవాళ్ళు కూడా వున్నారు.

ఆ దక్షిణాఫ్రికాయే నేటి లెక్కలో కూడా యెదురవుతుంది. ఆమ్ల మాధ్యమంలో నీటిని చీల్చే విద్యుత్ యంత్రాలలో నేడు వాడేది ఇరీడియం. ప్రపంచమంతా కలిపి యేడాదికి దొరికేది యేడెనిమిది టన్నులు; చాలా భాగం దక్షిణాఫ్రికా ప్లాటినం గనులలో ప్లాటినంతోపాటు వస్తుంది. 2012 ఆగస్టు 16న మరికానాలో జీతం పెంచమని సమ్మె చేసిన 34 మంది గని కార్మికులను పోలీసులు కాల్చిచంపింది అటువంటి ప్లాటినం గని దగ్గరే. మాంగనీసు యేటా రెండు కోట్ల టన్నుల దాకా తీస్తున్నారు. ఉత్ప్రేరకం ఇరీడియంనుంచి మాంగనీసుకు మారితే ఇంధనం పేదదేశాలకు అందుబాటులోకి వచ్చే మాట నిజమే. కాని మాంగనీసులో కూడా పెద్ద వాటా కలహారి గనులదే. అక్కడి ధూళి గ్లాస్గో ధూళికన్న మెత్తనిదేమీ కాదు. చవక లోహం అన్నప్పుడు యెవరికి చవక అని అడిగి తీరాలి. 2024లో నకమురా బృందం నిర్మాణం మార్చిన మాంగనీసు ఆక్సైడును ఆమ్లంలోనే వెయ్యి గంటల దాకా నిలబెట్టగలిగింది. అది విద్యుత్తుతో నడిచింది, నేరుగా వెలుగుతో కాదు.

వెలుగు సంగతిలో మిగిలిన చిక్కు చివరి మెట్టు దగ్గరుంది. మూడో మెరుపు తర్వాత, రెండు ఆమ్లజనులు జతకట్టే ఆ లిప్తకాలంలో కుర్చీలో యే పరమాణువు యెటు జరుగుతుంది? 2023లో యాచంద్ర, యానో, కెర్న్ బృందం ఎక్స్‌కిరణ లేజరుతోనూ, బెర్లిన్‌లో డౌ బృందం పరారుణ కాంతితోనూ ఆ లిప్తను పరిశీలించి, తమ ఫలితాలను వొకే వారం వొకే పత్రికలో ప్రకటించారు. ఆమ్లజని వొక్క దూకులో పుట్టదని, నడుమ ప్రోటాను వొకటి కదిలి వెళ్ళే వ్యవధి వుందని రెండు చోట్లా తేలింది. జతకట్టే ఆమ్లజనులలో వొకటి కుర్చీలోని అయిదింటిలోదేనా, లేక రెండూ బయటినుంచి వచ్చిన నీటివేనా అన్నదానిమీద మాత్రం యింకా యేకాభిప్రాయం కుదరలేదు.